స్కౌట్ మాస్టరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు: ట్రూప్‌లో పెద్దవాళ్ల బాధ్యతలు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి బజార్లో నాది మందుల షాపు. ఆదివారం సాయంత్రం మూడున్నరకి షట్టరు సగం దించేసి, లోపలే యూనిఫారం మార్చుకుని, మెడలో స్కార్ఫు వేసుకుని స్కూలు గ్రౌండుకి పోతాను. బళ్లో ఒక్క పాఠమూ చెప్పినవాణ్ణి కాదు, అయినా ఊళ్లో చాలామందికి నేను మేష్టార్నే. మందుల చీటీ చేతిలో పెడుతూనే "మేష్టారూ, మావాణ్ణి కూడా స్కౌట్లో చేర్చుకోండి" అంటారు. ఈమధ్య కాశీనగర్ నుంచి, గుణుపూర్ నుంచి, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి కూడా ఇంకో ప్రశ్న వస్తోంది: మా దగ్గరా ఒక ట్రూప్, అంటే స్కౌట్ పిల్లల దళం, పెడదామనుకుంటున్నాం, ఏమేం కొనాలి?

కొనడం ఆఖరి పని. తాళ్లూ లాఠీలూ ఎవరో ఒకరు ఇస్తారు. పిల్లలు పిలవకపోయినా వస్తారు. దొరకనిదల్లా ఎవరి పని ఏదో తెలిసిన పెద్దవాళ్లు, ఒక అయిదారుగురు. ఒక్క స్కౌట్ మాస్టరే అన్నీ నెత్తిన వేసుకుంటే, ఆయనకి బదిలీ అయిన నెలలోనే ట్రూప్ మూతపడుతుంది. మా వైపు అలా మూతపడ్డవి చూస్తూనే ఉన్నాం.

ముందు కాగితాలు

ఇది తొందరగా చెప్పేస్తాను. మన దేశంలో ఈ పని చూసే సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. అంతకుముందున్న సంఘాలు కలిసి 1950 నవంబరు 7న ఏర్పడింది. మీ గ్రూపుని జిల్లా అసోసియేషన్ ద్వారా నమోదు చేయించాలి, ఏటా రెన్యువల్ చేయించాలి. రెన్యువల్ మరిచిపోతే పిల్లలు ఎంత కష్టపడ్డా పరీక్షలకి దారి ఉండదు. తేదీ గుర్తుపెట్టుకునే పని ఒక మనిషికి పేరుపెట్టి అప్పజెప్పండి.

పదేళ్లు నిండిన మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు. అంతకంటే చిన్నవాళ్లకి కబ్, బుల్‌బుల్ విభాగాలున్నాయి. గైడ్ల దళాన్ని కంపెనీ అంటారు, దానికి నాయకురాలు ఆడమనిషే అయ్యుండాలి. స్కౌట్ మాస్టరుగా ఉండేవారు బేసిక్ కోర్సు చెయ్యాలి, ఆపైన అడ్వాన్స్‌డ్, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జ్. జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీలో ఉంది. అంతదూరం పోవడం ఎవరికి కుదురుతుందో తరవాత చూద్దురు గానీ, బేసిక్ కోర్సుకి మాత్రం ఇద్దరిని పంపండి. ఒకరు చాలరు. ఒకరికి జ్వరం వస్తే ఆ వారం రెండోవారుండాలి.

మనుషుల్ని అడిగే పద్ధతి

తల్లిదండ్రుల మీటింగు పెట్టి "సేవాభావం ఉన్నవాళ్లు ముందుకు రండి" అంటే ఎవరూ రారు. వచ్చే ఒకరిద్దరు మైకు కోసం వస్తారు. మనిషి దగ్గరికి మనమే వెళ్లాలి, ఒక్క పని అడగాలి, ఎన్నాళ్లు చెయ్యాలో కూడా అప్పుడే చెప్పాలి. "బాబూ, మీరు బ్యాంకులో చేసి రిటైరయ్యారు కదా, ట్రూపు జమాఖర్చు పుస్తకం ఈ ఏడాది మీరు రాయండి. నెలకి ఒక సాయంత్రం పని" అంటే కాదనేవాళ్లు తక్కువ. "మా కమిటీలో ఉండండి" అంటే మాత్రం ఆలోచించి చెప్తానంటారు, ఆ ఆలోచన ఇక తెగదు.

మా దగ్గర పనులు ఇలా పంచుకున్నాం. స్కౌట్ మాస్టరు, సహాయకుడు పిల్లలతో ఉంటారు. వాళ్లకి ఇంకే పనీ అప్పజెప్పం. లెక్కలు ఒకరివి. సామాన్ల గది తాళం ఒకరిది. పరీక్షల రికార్డు, అంటే ఏ పిల్లాడు ప్రవేశ్ అనే మొదటి మెట్టులో ఉన్నాడు, ఎవడు ప్రథమ సోపాన్ దాటాడు, ద్వితీయ సోపాన్‌లో ఎవడికి ఏం మిగిలింది అన్న పుస్తకం, ఒక తల్లి చూస్తారు. ఆవిడ అంగన్‌వాడీలో పనిచేస్తారు, రిజిస్టర్లంటే ఆవిడకి భయం లేదు. క్యాంపుల అనుమతులు, బస్సు, వైద్యం మాట్లాడేది ఇంకొకరు.

ఇక్కడ ఒక మాట అనాలి. ఆడవాళ్లు సాయం చేస్తామని వస్తే వెంటనే వంట అప్పజెప్పేస్తారు. స్కౌట్ క్యాంపులో వంట పిల్లల పని. పాట్రోల్‌కి, అంటే ట్రూప్‌లో ఒక్కో చిన్న జట్టుకి, ఒక పొయ్యి, వాళ్ల అన్నం వాళ్లు మాడ్చుకుంటారు, వాళ్లే తింటారు. తల్లుల్లో లెక్కలు తెలిసినవాళ్లుంటారు, ఆశా వర్కర్లుంటారు, బళ్లో చెప్పేవాళ్లుంటారు. వాళ్లకి అట్లకాడ ఇచ్చి కూర్చోబెడితే నష్టం ట్రూప్‌కే.

సొంత కొడుకు ట్రూప్‌లో ఉన్న నాయకుడు ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. గ్రౌండులో ఉన్నంతసేపూ వాడికి మీరు సారే, నాన్న కాదు. వాడి పరీక్ష మీరు పెట్టకండి, వేరేవాళ్లు పెడతారు. వాడు పాట్రోల్ లీడరు కావాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లండి.

నోరు మూసుకోవలసిన చోటు

పెద్దవాళ్ల పనుల్లో అన్నిటికంటే కష్టమైనది ఇదే, అందుకే ఎక్కువ చెప్తాను.

స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది కుర్రాళ్లతో మొదటి క్యాంపు పెట్టినప్పుడే వాళ్లని నాలుగు పాట్రోల్స్‌గా విడగొట్టి, ఒక్కోదానికి ఒక కుర్రాణ్ణి నాయకుడిగా పెట్టాడు. ఇప్పటికీ పద్ధతి అదే. ఆరుగురి నుంచి ఎనిమిదిమంది ఒక పాట్రోల్, వాళ్లకి ఒక లీడరు, ఒక సెకండ్. కొత్తవాడికి క్లోవ్ హిచ్ అనే ముడి నేర్పవలసింది లీడరు, స్కౌట్ మాస్టరు కాదు. పదమూడేళ్లవాడు పదేళ్లవాడికి నేర్పుతుంటే చూడండి. కర్ర చుట్టూ తాడు ఒకసారి తిప్పిస్తాడు, తాడు మీంచి తాడు దాటించి ఇంకోసారి తిప్పిస్తాడు, ఆ దాటిన తాడు కిందనుంచి కొస లాగమంటాడు. చిన్నవాడు పైనుంచి దూరుస్తాడు, ముడి ఊడిపోతుంది. "అలా కాదెహె, కిందనుంచి" అని మళ్లీ మొదలు. మనకి చేతులు దురద పెడతాయి. అడుగు ముందుకేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వెయ్యకండి. ఆ రెండు నిమిషాల్లో పెద్దవాడికి రావలసిన ఓపిక మీ వల్ల రాకుండా పోతుంది.

పాట్రోల్ లీడర్లందరూ కూర్చునే సభని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. వచ్చే నెల కార్యక్రమాలు, చందా డబ్బు ఖర్చు, క్రమశిక్షణ విషయాలు అక్కడే తేలాలి. స్కౌట్ మాస్టరు సలహాకి మాత్రమే ఉంటాడు. నేను గోడవారగా స్టూలు వేసుకుని కూర్చుంటాను, అడిగితేనే మాట్లాడతాను. ఒకసారి మనీలా తాడు చుట్ట ఒకటి కనిపించకుండా పోయింది. అందరికంటే చిన్న లీడరు నిలబడ్డాడు.

"తాడు పోనాది."

"పట్టికెళ్లింది మీ పాట్రోలే కదా, బుక్కులో సంతకం నీదే."

"నాదే. వానొచ్చీసింది, అందరం పరిగెట్టీసాం. మళ్లీ ఎల్లి చూస్తే లేదు."

డబ్బు కట్టాలని ఒకడన్నాడు. వాళ్ల పాట్రోల్లో ఇద్దరు హాస్టల్ పిల్లలు, వాళ్లెక్కడినుంచి తెస్తారని ఇంకొకడన్నాడు. చాలాసేపు నడిచింది. చివరికి సగం ఖరీదు ట్రూప్ డబ్బులోంచి, మిగతా సగానికి బదులు ట్రూప్‌లో ఉన్న తాళ్లన్నిటికీ కొసలు విడిపోకుండా ఆ పాట్రోల్ నూలు చుట్టి ఇవ్వాలని తీర్మానం చేసుకున్నారు. కొసలకి నూలు చుట్టడం ఎలాగూ వాళ్లు నేర్చుకోవలసిందే. అంతకంటే మంచి శిక్ష నాకు తట్టేది కాదు.

పాట్రోల్స్ ఎలా కలపాలన్నది మా సరిహద్దు ఊళ్లలో ఇంకాస్త జాగ్రత్తగా చూడవలసిన విషయం. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలది సవర. ప్రార్థన, జెండా పాట హిందీ. వాళ్లని వదిలేస్తే తెలుగు పాట్రోల్, ఒడియా పాట్రోల్, సవర పాట్రోల్ అని తేలతారు. స్నేహితుల్ని విడగొట్టడం ఇష్టం లేకపోయినా ప్రతి పాట్రోల్‌లోనూ మూడు రకాల పిల్లలూ ఉండేలా చూడండి. కొత్త ఆట చెప్పేటప్పుడు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్పి, మూడోది సవర కుర్రాడి చేత చెప్పించండి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషలో పాఠాలు రాశారు. మనకి కనీసం నమస్కారం, నీళ్లు, ఆగు, పరిగెత్తు అన్న మాటలైనా రావాలి కదా.

డబ్బు, సామాన్ల గది

చందా ఎంత చిన్నదైనా రశీదు రాయండి. పది రూపాయలకి కూడా. బ్యాంకు ఖాతా గ్రూపు పేరున ఉండాలి, తీయడానికి ఇద్దరి సంతకాలుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఫోనుతో పంపే డబ్బులు ఎవరి సొంత నంబరుకీ పంపించుకోవద్దు. చిన్న ఊళ్లో ఒక్కసారి మాట పడితే అది మానిపోదు. కట్టలేని పిల్లాడి చందా సంగతి కోశాధికారికీ స్కౌట్ మాస్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. యూనిఫారం కూడా అంతే. పెద్దవాళ్లైపోయి వెళ్లినవాళ్ల చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక ట్రంకుపెట్టెలో సైజుల వారీగా ఉంచుతాం. ఎవరికిచ్చామో రాయం.

సామాన్ల గది చూసేవారు కాస్త చాదస్తులైతే మంచిది. తడి తాడు చుట్టి లోపల పెడితే బూజు పడుతుంది. డేరాల మడతల్లో ఎలకలు పిల్లల్ని పెడతాయి. డేక్సాలు, బకెట్లు, గొడ్డళ్లు, లాఠీలు అన్నిటి మీదా రంగుతో నంబరు వెయ్యండి, పుస్తకంలో ఏ పాట్రోల్ ఏ నంబరు తీసుకెళ్లిందో ఆ లీడరు చేతే రాయించండి. తాడు గొడవలో సంతకం పనికొచ్చింది అందుకే.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె గురించి నా వృత్తి ప్రకారం చెప్పవలసింది ఒకటుంది. అందులో మాత్రలు పెట్టకండి. మందులమ్ముకునేవాణ్ణి నేనే చెప్తున్నాను. కడుపునొప్పి అన్న పిల్లాడికి మీరు తెలిసీ తెలియకా ఇచ్చిన మాత్ర, అసలు జబ్బుని డాక్టరుకి కనిపించకుండా చెయ్యొచ్చు. రోజూ మందు వేసుకునే పిల్లాడుంటే, తల్లి రాసిచ్చిన కాగితంతో ఆ మందు విడిగా, వాడి పేరుతో ఉండాలి. పెట్టెలో గాజుగుడ్డ, రోలరు కట్లు, మూడుమూలల గుడ్డలు, దూది, గాయం కడిగే మందు, చేతి తొడుగులు, కత్తెర, థర్మామీటరు, పిన్నీసులు, ఓఆర్ఎస్ పాకెట్లు. పాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలిపి తాగించేవాళ్లని నా కళ్లతో చూశాను, అది మేలు కంటే కీడు.

ఇద్దరు పెద్దవాళ్లు

దీంట్లో మొహమాటం లేదు. ఏ పిల్లాడితోనూ ఏ పెద్దమనిషీ ఒంటరిగా, తలుపు మూసిన చోట ఉండకూడదు. మీటింగుకైనా, క్యాంపుకైనా ఇద్దరు పెద్దవాళ్లుండాలి. రెండోవారు రాకపోతే ఆవేళ మీటింగు లేదు, పిల్లల్ని ఇళ్లకి పంపించండి. పెద్దవాళ్ల డేరా వేరు, పిల్లలది వేరు. ఒక్క పిల్లాడికి విడిగా ఫోను సందేశాలు పంపడం లేదు, ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే. గైడ్లు కూడా ఉన్న క్యాంపులో వాళ్ల నాయకురాలు రాత్రి కూడా అక్కడే ఉండాలి. ప్రపంచ స్కౌట్ సంస్థ 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' పేరుతో పిల్లల రక్షణకి ఒక విధానమే పెట్టింది. కొత్తగా వచ్చే ప్రతి వాలంటీరుకీ ఈ కట్టుబాట్లన్నీ మొదటిరోజే చదివి వినిపిస్తాం. ఇందులో "నన్ను అనుమానిస్తున్నారా" అని అలిగేవారుంటే, వారికి వేరే సేవ చూపించండి.

పిల్లాడు ఏదైనా చెడు జరిగిందని మీతో చెప్పుకుంటే ఓపిగ్గా వినండి. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వకండి. గుచ్చి గుచ్చి అడగకండి. పెద్దలంతా కూర్చుని సర్దుబాటు చేసే వ్యవహారం కాదిది. పిల్లల మీద లైంగిక నేరాలకి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి తెలియజేసి తీరాలి. చెప్పకపోవడమే నేరం. పిల్లల సాయానికి 1098 నంబరుంది, దాన్ని పిల్లలకి కూడా కంఠతా పట్టించండి.

క్యాంపు

దసరా సెలవులు కనిపించగానే అక్టోబరులో క్యాంపు పెడదామంటారు. మా తీరంలో పెట్టకండి. తుపాన్ల తేదీలు చూడండి: ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా కొండల్లో ఏం చేసిందో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. అక్టోబరు రెండోవారం క్యాంపు మాట ఎత్తినవారికి ఈ మూడు తేదీలూ చదివి వినిపిస్తాను. డిసెంబరు, జనవరి హాయి. సంక్రాంతికి తెలుగు పిల్లలు టెక్కలి వైపో శ్రీకాకుళం వైపో అమ్మమ్మల ఇళ్లకి పోతారు కాబట్టి ఆ వారం వదిలెయ్యండి. మహేంద్రగిరి మీదికైతే దుప్పట్లు రెండేసి. 1,501 మీటర్ల ఎత్తది, కింద ఎండ చూసి మోసపోవద్దు.

స్థలం చూడటానికి అనుమతులు చూసేవారూ స్కౌట్ మాస్టరూ ముందు ఒకసారి వెళ్లి రావాలి. అడవి అయితే అటవీశాఖ రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇవ్వాలి. తాగునీరు ఎక్కడ, ఆసుపత్రి ఎంతదూరం, రాత్రి రెండింటికి కారు తీసే మనిషి ఎవరు అన్నవి కాగితం మీద ఉండాలి. సరిహద్దులో ఫోను ఏ రాష్ట్రం టవరుకి తగులుతుందో చెప్పలేం, అందుకని 108 ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఆసుపత్రి సొంత నంబరు కూడా రాసుకోండి. మహేంద్రతనయ నది ఒడ్డున డేరాలు వెయ్యకండి. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నప్పుడే నీళ్లు పెరుగుతాయి. ఇసక చూడ్డానికి ఎంత మెత్తగా ఉన్నా సరే.

పిడుగుల సంగతి తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. ఉరుము వినిపిస్తే ఆట ఆపి పక్కా భవనంలోకి పోవాలి. చెట్టు కిందికీ డేరాలోకీ వద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ పెద్దవాళ్ల ఫోన్లలో పెట్టించండి, దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. దోమతెరలు తప్పనిసరి, మా కొండల్లో మలేరియా కొత్తకాదు. పాము కరిస్తే కట్టు బిగించడం, కొయ్యడం, నోటితో లాగడం ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, పిల్లాణ్ణి నడిపించకుండా, విషానికి ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ ఇంజక్షన్ ఎక్కడుందో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోవడం వైద్యం చూసేవారి పని.

తల్లిదండ్రుల అనుమతి కాగితం లేని పిల్లాడు బస్సెక్కడు. బస్సు కదిలేటప్పుడు వాళ్ల నాన్న వచ్చి "నేనే చెప్తున్నా కదండీ, ఏటవుతాది" అన్నా సరే, అక్కడే సంతకం పెట్టించండి. పెన్ను, ఖాళీ ఫారాలు సహాయకుడి జేబులో ఉండాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పడుకునేటప్పుడు తలలు లెక్కపెట్టేది పాట్రోల్ లీడర్లు. పెద్దవాళ్లు విడిగా లెక్కపెట్టి రెండూ సరిచూస్తారు.

క్యాంపు ఖర్చుల లెక్క వారంలోగా కాగితం మీద పెట్టి తల్లిదండ్రులకి చూపించండి, మిగిలింది రూపాయైనా సరే రాయండి. ఇక డేరాలు. తిరిగొచ్చిన మర్నాడు అవి ఎవరి డాబా మీద ఆరతాయో బయల్దేరేముందే అడిగి పెట్టుకోవాలి. మంచుకి తడిసిన గుడ్డ రెండురోజులు మూటలో ఉంటే వాసన పట్టేస్తుంది. మా సామాన్ల గది ఆయన రెండు డాబాలు అడిగి ఉంచుతారు, ఎందుకంటే ఒకటి ఎప్పుడూ ఎవరి అప్పడాలకో వెళ్లిపోతుంది.